కుమావూన్ కొండల్లో పొడుగు రకం హెంప్: చలి, ముసురు, బూజు మధ్య ఒక పొలం కేస్ స్టడీ

పొలం ఉత్తరాఖండ్‌లో, అల్మోరా వైపు, సముద్ర మట్టానికి దాదాపు 1,650 మీటర్ల ఎత్తున ఉంది. విస్తీర్ణం 12 నాలీలు. అక్కడి కొలతలో నాలీ అంటే 200 చదరపు మీటర్లు, మన లెక్కలో 5 సెంట్లు. అంటే మొత్తం 60 సెంట్లు, అదీ ఏడు మెట్లుగా కోసిన కొండవాలు. లైసెన్సు గింజకీ నారకీ మాత్రమే. సగం పొలంలో యూరప్ నుంచి తెచ్చిన ధ్రువీకరించిన విత్తనం వేశారు. మిగతా సగంలో టీహెచ్‌సీ, అంటే మత్తునిచ్చే పదార్థం, తక్కువ ఉండేలా ఎంపిక చేసిన స్థానిక పహాడీ విత్తనం వేశారు. రెండూ ఒకే వారంలో విత్తినవే. ఎరువు ఒకటే, మనుషులు ఒకటే, వాన ఒకటే. సీజన్ చివరికి మొదటి సగంలో కల్లానికి తేదగ్గ గింజ లేదు, రెండో సగం పండింది.

చూడగానే ఎవరికైనా తోచేది ఒకటే: స్థానిక రకానికి బూజు తట్టుకునే శక్తి ఎక్కువ కాబోలు అని. అది కారణం కాదు. పహాడీ మొక్కల్ని జూలై ముసురులో పూతకి తెస్తే అవీ అలాగే కుళ్లుతాయి. అసలు తేడా పూత తేదీలో ఉంది. ఈ కేసు మొత్తం ఆ తేదీ చుట్టూనే తిరుగుతుంది.

హెంప్ అంటే ఇక్కడ కన్నాబిస్ సటైవా మొక్కే, అంటే గంజాయి జాతిదే. మన జనుము, గోగు వేరే కుటుంబాలవి. పెంపకందార్లు 'సటైవా లక్షణం' అని పిలిచేవన్నీ పహాడీ రకంలో కనిపిస్తాయి: సన్నటి ఆకు వేళ్లు, కణుపుల మధ్య ఎడం, మూడు మీటర్లు దాటే ఎత్తు, ఆలస్యంగా వచ్చే పూత.

చట్టం సంగతి

మత్తు పదార్థాలను అదుపు చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 8వ సెక్షన్ ఈ మొక్క సాగును నిషేధిస్తుంది. 10వ సెక్షన్ రాష్ట్రాలకి అనుమతించే అధికారం ఇస్తుంది. 14వ సెక్షన్ నార కోసం, గింజ కోసం సాగుకి దారి వదులుతుంది. ఆ దారిలో 2018లో ముందుకొచ్చిన రాష్ట్రం ఉత్తరాఖండ్. అక్కడ టీహెచ్‌సీ హద్దు 0.3 శాతం. హద్దు దాటితే పంట ధ్వంసం చేయాల్సిందే. లైసెన్సు లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే, 20వ సెక్షన్ కింద పదేళ్ల దాకా కఠిన జైలుశిక్ష పడొచ్చు.

గింజ అమ్మకానికి ఇబ్బంది లేదు. హెంప్ గింజ, గింజ నూనె, గింజ పిండిని ఆహారంగా అమ్మడానికి 2021లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు వచ్చాయి. కుమావూన్‌లో ఆ గింజతో పచ్చడి నూరుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే.

లంబసింగి, చింతపల్లిలోనూ చలి, మంచు ఉన్నాయి కదా, ఇదే పంట అక్కడ ఎందుకు వేయకూడదు అని అడిగేవాళ్లుంటారు. లైసెన్సు లేని చోట ఆ ప్రశ్నకి అర్థం లేదు. పైగా సేద్యం లెక్కలో చూసినా, కింద పగటి వెలుగు గురించి చెప్పేది చదివితే ఆ కొండలకి ఈ పాఠం నేరుగా అతకదని తెలుస్తుంది.

పగటి పొడవు పట్టిక

ఈ మొక్క వయసు చూసి పూయదు, పగటి పొడవు తగ్గడాన్ని చూసి పూస్తుంది. మొలిచిన నాలుగైదు వారాలు లేతదశ. ఆ దశ దాటాక రోజు పొడవు తన రకానికి తగిన గీత కంటే తక్కువగా ఉంటే పూతకి దిగుతుంది.

యూరప్ రకాల్ని ఎంపిక చేసింది 45 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల్లో. నెదర్లాండ్స్‌లో జూన్ నడిమధ్య పగలు 16 గంటల 45 నిమిషాలు ఉంటుంది. అక్కడ పొడుగు పగళ్లలో మొక్క ఎదుగుతూ పోయి, ఆగస్టులో రోజు కురచబడ్డాక పూస్తుంది. అల్మోరా ఉన్నది 29.6 డిగ్రీల దగ్గర. అక్కడ ఏడాదిలో అతి పొడవైన పగలే 14 గంటలు. ఏప్రిల్ చివర విత్తిన రోజుకి 13 గంటలు. యూరప్ విత్తనం కళ్లు తెరిచేసరికే దాని లెక్కలో ఆగస్టు దాటిపోయినట్టు. లేతదశ గడవగానే జూన్ మొదట్లో నడుము ఎత్తు కూడా రాకుండా పూత వచ్చేసింది. ఆ పూత గింజ కట్టేది సరిగ్గా జూలై, ఆగస్టుల్లో, మబ్బు కొండ దిగని రోజుల్లో. కట్టిన గింజ కొంత కంకిలోనే మొలకెత్తింది, మిగతాది బూజు తినేసింది.

పహాడీ రకం గీత ఇంకా కింద ఉంటుంది. సెప్టెంబరు మొదటి వారానికి పగలు 12 గంటల 45 నిమిషాలకి దిగాక అది పూతకొస్తుంది. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో నైరుతి వెనక్కి మళ్లుతుంది. గింజ గట్టిపడే అక్టోబరు నెలంతా ఆకాశం తేటగా, గాలి పొడిగా ఉంటుంది. అంటే ముసురు నడిచేటప్పుడు చేలో ఉండేది ఆకు, కాండం మాత్రమే. బూజుకి ఇష్టమైన కంకి ముసురు పోయాక వస్తుంది.

ఐర్లండ్‌లోనో నెదర్లాండ్స్‌లోనో అయితే ఈ సలహా తలకిందులు. అక్కడ వేసవి కాస్త పొడిగా ఉండి, తడి వచ్చేది అక్టోబరులో. ఆలస్యంగా పూసే రకం అక్కడ బ్రహ్మాండమైన కాండం ఇస్తుంది కానీ గింజ పండేలోగా వానలు ముంచేస్తాయి. అందుకే గింజ కోసం ఫినోలా లాంటి కురచ, తొందర రకాలు వేస్తారు. 'చలి తడి ప్రాంతానికి ఏ రకం మంచిది' అన్న ప్రశ్నకి ఒక్క జవాబు ఉండదు. ముసురు ఏ నెలలో, ఆ అక్షాంశంలో పూత ఏ నెలలో, ఈ రెండూ ఒకే కాగితం మీద రాసుకుంటే రకం పేరు దానంతట అదే తేలుతుంది. లంబసింగి లాంటి చోట్ల అతి పొడవైన పగలు కూడా 13 గంటల పావు దాటదు. కాబట్టి అక్కడ ఉత్తరాది రకం ఏదైనా ఇంకా ముందే పూసేస్తుంది.

మట్టి, ఎరువు, విత్తనం

హెంప్ వేరుకి నిలవనీరు పడదు. రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే లేత మొక్క పసుపుపడి, మొదలు దగ్గర నీరుకారినట్టు నానిపోయి పడిపోతుంది. ఈ పొలంలో ప్రతి మెట్టుకీ వెనక గోడ మొదట్లో అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ తీసి, పక్కనున్న వాగు వైపు వాలు ఇచ్చారు. కొండ నుంచి ఊరే నీరు గోడ వెంటే వస్తుంది. కాలువ మెట్టు ముందు అంచున తీస్తే ఆ ఊట చేనంతా తడిపాకే బయటికి పోతుంది. ఏడింటిలో ఒక మెట్టుకి కాలువ సగంలోనే ఆగింది. ఆ మెట్టులో ఏమైందో బూజు దగ్గర చెప్పుకుందాం.

మట్టి పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య ఉంటే సరిపోతుంది. అంతకన్నా తగ్గితే మట్టి పరీక్ష చెప్పిన మోతాదులో సున్నం, విత్తడానికి కనీసం నెల ముందు వేయాలి. పశువుల ఎరువు నాలీకి 200 కిలోలు, బాగా చివికినది. దానితో పాటు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 5 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 1.3 కిలోలు ఆఖరి దుక్కిలో. యూరియా నాలీకి 2 కిలోలు చాలు. సగం మొక్కలు పలచన చేసినప్పుడు, సగం మోకాలెత్తుకి వచ్చినప్పుడు. వానలు పట్టాక మళ్లీ యూరియా జోలికి పోకూడదు. యూరప్‌లో నార పంటకి హెక్టారుకి 100 కిలోల దాకా నత్రజని ఇస్తారు. ఇక్కడ యూరియా రూపంలో ఇచ్చింది 46 కిలోలే, మిగతాది పశువుల ఎరువు నుంచి అందుతుంది. తడి ప్రాంతంలో నత్రజని ఎక్కువైతే మొక్క పచ్చగా నవనవలాడుతూ కంటికి ఇంపుగానే ఉంటుంది. కానీ కాండం మెత్తబడుతుంది, పూత వెనకబడుతుంది, మొదటి గాలికే పడిపోతుంది.

ముందటి పంట ఏమిటన్నది చాలామంది పట్టించుకోరు. రాజ్మా, బఠాణీ, ఆవాలు పండిన మెట్టులో హెంప్ వేయొద్దు. వాటికొచ్చే స్క్లెరోటీనియా తెల్లకుళ్లు దీనికీ వస్తుంది. దాని నల్లటి గింజల్లాంటి ముద్దలు మట్టిలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. గోధుమ, బార్లీ, మండువా అని అక్కడివాళ్లు పిలిచే చోళ్లు, వీటి తర్వాత వేయడం మంచిది.

విత్తనం నూనెగింజ కాబట్టి తొందరగా చచ్చుబడుతుంది. తేమ గదిలో ఏడాది నిలవున్న సంచిని నమ్మకూడదు. వంద గింజలు తడిగుడ్డలో చుట్టి వారం చూస్తే 85 మొలిస్తే మామూలు మోతాదు. 60 మొలిస్తే ఆ మేరకి పెంచుకోవాలి. అంతకన్నా తగ్గితే ఆ సంచి వద్దు. గింజ పంటకి సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు, నాలీకి 200 గ్రాములు, లోతు 2 నుంచి 3 సెంటీమీటర్లు. నార కోసమే అయితే సాళ్లు 15 సెంటీమీటర్లు, విత్తనం నాలీకి కిలో. మట్టి వెచ్చదనం 10 డిగ్రీలు దాటితే వారంలో మొలుస్తుంది. ఆ వారం పావురాల కాపలా తప్పదు.

నాలుగు జతల ఆకులప్పుడు మొక్కకీ మొక్కకీ జానెడు ఎడం ఉండేలా పలచన చేయాలి. చదరపు మీటరుకి 12 మొక్కల దాకా మిగులుతాయి. వాటిలో సగం పోతు మొక్కలు, అవి తర్వాత ఎలాగూ పోయేవే. కలుపు 20 రోజులకి ఒకసారి, ఆ తర్వాత ఇంకో 20 రోజులకి మరోసారి, మొత్తం రెండుసార్లు తీస్తే చాలు, ఆ తర్వాత నీడ తన పని తాను చేస్తుంది. రెండో కలుపుతో పాటే మొదళ్లకి మట్టి ఎగదోయాలి. వానలు దిగాక ఆ పని చేయలేరు.

ముసురు నెలలు

జూన్ చివరి వారంలో వానలు దిగుతాయి. అప్పటి నుంచి సెప్టెంబరు దాకా రాత్రి వేడి 16 నుంచి 18 డిగ్రీలు, తెల్లవారుజామున గాలిలో తేమ 90 శాతం పైన. ఈ మూడు నెలలూ రైతు చేయగలిగింది తక్కువ. ఆకు తొందరగా ఆరేలా చూడడమే పని.

ఆగస్టు చివర ప్రతి మొక్కకీ మోకాలెత్తు దాకా కింది ఆకులూ చిన్న కొమ్మలూ తీసేశారు. వాన వెలిసిన రోజున, చేత్తో కాకుండా చిన్న కత్తెరతో. చేత్తో లాగితే బెరడు చీలుతుంది, ఆ చీలికే తెగులుకి గుమ్మం. తీసిన ఆకు చేలో వదలకుండా బయటికి మోసుకెళ్లారు. కొందరు తల తుంచి గుబురు చేస్తుంటారు, గింజ ఎక్కువ వస్తుందని. పొడి ప్రాంతంలో ఆ మాట నిజమే కావచ్చు కానీ తడి కొండల్లో గుబురు మధ్యకి గాలి ఆడదు. ఈ పొలంలో తల తుంచలేదు.

మూడు మీటర్ల మొక్క తడి బరువుతో వంగితే పక్క సాలు మీద పడుతుంది, ఒకటి పడితే పది పడతాయి. మూడేసి మీటర్లకి వెదురు గుంజ పాతి, నడుము ఎత్తున ఒక వరస, భుజం ఎత్తున ఒక వరస పురికొస కట్టారు. తాడు బిగించకూడదు, మొక్క నాలుగు వేళ్ల మేర ఊగేలా వదలాలి. ఊగే కాండమే గట్టిపడుతుంది.

పురుగుల్లో ముఖ్యమైనది శనగపచ్చ పురుగే, మన పత్తి, కంది రైతులకి పాత శత్రువు. పూత గుత్తిలో దూరి తింటుంది. అది తిన్న గింజ నష్టం కొంతే. అది వదిలే పెంట, చేసే గాయం తడిసి బూజుకి పుట్టిల్లవడం అసలు నష్టం. పూత మొదలయ్యాక వారానికి రెండుసార్లు చూసి ఏరేయాలి. గింజ ఆహారానికి పోయేది కాబట్టి పూత మీద రసాయనం కొట్టే ఆలోచనే పెట్టుకోకూడదు.

బూడిద బూజును ముందే పట్టుకోవడం

బొట్రైటిస్ సినేరియా అనే శిలీంధ్రం. ద్రాక్షని, స్ట్రాబెర్రీని కుళ్లబెట్టేది కూడా ఇదే. 15 నుంచి 22 డిగ్రీల చల్లదనం, గంటల తరబడి ఆరని తడి దొరికితే విజృంభిస్తుంది. బూడిదరంగు నూగు కనిపించాక గుర్తుపట్టడం ఎవరికైనా వచ్చు, అప్పటికే ఆలస్యం.

మొదటి గుర్తు చాలా చిన్నది. పచ్చగా ఉన్న గుత్తిలో ఒకే ఒక్క చిట్టి ఆకు, గోరంత, పసుపుపడి వాలిపోయి ఉంటుంది. చుట్టూ మిగతావి నిటారుగానే ఉంటాయి. ఆ ఆకుని రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగాలి. ఆరోగ్యంగా ఉన్నదైతే గట్టిగా పట్టుకుని ఉంటుంది. బూజు పట్టినదైతే వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు ఊడి వచ్చేస్తుంది, దాని కాడ మొదలు గోధుమరంగులో నానిపోయి ఉంటుంది. గుత్తిని విప్పి చూస్తే లోపలి ఇరుసు అప్పటికే బ్రెడ్డు ముక్కలా మెత్తబడి ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికి మంచు ఆరుతున్న వేళ చూస్తే ఇది తేలిగ్గా కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండకి అన్ని ఆకులూ కాస్త వాలుతాయి కాబట్టి తేడా తెలియదు.

గుర్తు దొరికిన చోటికి జానెడు కింద, పచ్చి కాండం తగిలే దాకా కోసేయాలి. కోసిన ముక్క జారకుండా ముందు దానికి సంచి తొడిగి, అప్పుడు కొయ్యాలి. ఊరికే కోసి కింద పడేస్తే పొడిలాంటి బీజాలు గాలిలో లేచి పక్క మొక్కలకి చేరతాయి. కత్తెరని మొక్కకీ మొక్కకీ మధ్య స్పిరిట్‌తో తుడవాలి.

ఈ పొలంలో పహాడీ సగానికి సెప్టెంబరు మూడో వారంలో బూజు తగిలింది, కాలువ సగంలో ఆగిన మెట్టులో. మిగతా మెట్లకి అంటలేదు. ఆ మెట్టుకి ఇంకో లోపం కూడా ఉంది: తూర్పున ఓక్ చెట్ల నీడ వల్ల పొద్దుటెండ పది దాటాక గానీ పడదు. ఆగ్నేయం వైపు తిరిగిన మెట్లలో మంచు ఎనిమిదింటికే ఆరిపోతుంది. ఆ రెండు గంటల తేడాకి ఏ మందూ సరితూగదు. విత్తేముందు ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాల్ని అణిచే మేలు శిలీంధ్రం) పొడి నాలీకి 50 గ్రాములు చివికిన ఎరువులో కలిపి వేశారు. అది మొలక దశలో మొదలు కుళ్లుకి పనికొస్తుంది, కంకి మీది బూజుకి కాదు. రెంటినీ కలగలిపి 'ట్రైకోడెర్మా వేశాం, అయినా బూజొచ్చింది' అనడం సరికాదు.

పోతు మొక్కల్ని ఎప్పుడు పీకాలి

పోతు మొక్కలు పెంటి వాటికన్నా ముందే పూస్తాయి, సన్నగా, ఆకు తక్కువగా, గుత్తులు వేలాడుతూ ఉంటాయి. గింజ కావాలంటే పుప్పొడి రాలేదాకా ఉంచాల్సిందే. పొడి రాలడం ఆగాక వారం పది రోజుల్లో పీకేయాలి. ఆ తర్వాత అవి నిలబడి ఎండుతాయి, ఎండిన రేకలు మంచుకి తడిసి బూజుకి మొదటి మేత అవుతాయి. పీకితే మూడు లాభాలు: పెంటి మొక్కలకి ఎడం, బూజుకి మేత లేకపోవడం, అన్నిటికన్నా సన్నటి నార. కుమావూన్‌లో సన్నటి నారని ఈ మొక్కల నుంచే తీస్తారు.

పుప్పొడి గురించి ఒక అపోహ. ఆ కొండల్లో రోడ్డు పక్కన, గోడల మధ్య అడవి భాంగ్, అంటే దానంతటదే పెరిగే ఇదే జాతి మొక్క, ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది. దాని పొడి వచ్చి పడితే ఈ ఏడాది పంట టీహెచ్‌సీ పెరిగిపోతుందని భయపడతారు. పెరగదు. టీహెచ్‌సీ ఉండే జిగురు (రెసిన్) తల్లి మొక్క కణజాలంలో ఉంటుంది, తండ్రి ఎవరైనా దానికి తేడా లేదు. తేడా వచ్చేది గింజలో, అంటే వచ్చే ఏడాది మొక్కలో. ఈ పుప్పొడి కిలోమీటర్ల దూరం పోతుంది. మూల విత్తనోత్పత్తికి 5 కిలోమీటర్ల ఎడం అడిగేది అందుకే. కాబట్టి పొలంలో పండిన గింజ తినడానికి, నూనెకి, అంతే. దాన్నే విత్తనంగా వాడుకుంటే రెండో తరానికే హద్దు దాటే ప్రమాదం ఉంది. సొంత విత్తనం దాచుకునే అలవాటున్న రైతుకి ఈ మాట ఒప్పించడమే ఈ పంటలో అన్నిటికన్నా కష్టమైన పని.

పరీక్ష

నమూనా ఎలా తీశారన్న దాన్ని బట్టే ఫలితం ఉంటుంది. యూరప్ పద్ధతిలో పొలం అంచుల్ని వదిలి, అటూ ఇటూ అడ్డంగా నడుస్తూ 50 మొక్కల నుంచి, ప్రతి దానికీ పెంటి పూత ఉన్న పై 30 సెంటీమీటర్లు తీస్తారు. పూత మొదలైన 20 రోజుల నుంచి పూత ముగిసిన 10 రోజుల మధ్య తీయాలి. నమూనా కాగితపు సంచిలో వేయాలి. ప్లాస్టిక్‌లో వేస్తే దారిలోనే బూజు పడుతుంది.

ప్రయోగశాల రెండు అంకెలిస్తుంది, టీహెచ్‌సీ, దాని ఆమ్లరూపం టీహెచ్‌సీఏ. మొత్తం కట్టేది ఇలా: టీహెచ్‌సీఏని 0.877తో గుణించి టీహెచ్‌సీకి కలపాలి. టీహెచ్‌సీ 0.05, టీహెచ్‌సీఏ 0.30 వచ్చిందనుకోండి. విడివిడిగా చూస్తే ఏదీ 0.3 దాటలేదు. కలిపితే 0.05 + 0.263, అంటే 0.313. పంట పోయినట్టే. రిపోర్టు చేతికి రాగానే చూడాల్సింది ఈ కూడికే. ఈ పొలం హద్దులోపే ఉంది కానీ అంచున ఉంది. ఆలస్యంగా పూసే పహాడీ రకాలతో ఉండే అసలు చిక్కు ఇదే. వాతావరణానికి సరిపోయే రకం చట్టానికి అంచున ఉంటుంది, చట్టానికి హాయిగా సరిపోయే రకం వాతావరణంలో కుళ్లుతుంది.

కోత, ఆరబోత

గింజ కింద నుంచి పైకి పండుతుంది. అన్నీ పండేదాకా ఆగితే కిందివి రాలిపోతాయి, మిగిలింది పిట్టలపాలు. గుత్తిని అరచేతిలో నలిపి చూస్తే పదిలో ఏడు గింజలు బూడిద, గోధుమరంగు చారలతో, పంటికింద పెడితే చిట్లేలా ఉండాలి. అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మొదటి వారం మధ్య, మంచు పూర్తిగా ఆరాక, పదకొండు తర్వాత కొడవలి పట్టాలి. పాతిక కాడల పన కట్టి, నాలుగైదు పనలు గుడారంలా నిలబెట్టి, కింద టార్పాలిన్ పరచాలి. రాలిన గింజ అందులోనే పడుతుంది. రాత్రి పైన పట్టా కప్పి పొద్దునే తీసేయాలి. తీయడం మరిస్తే లోపల ఆవిరి పట్టి ఒక్కరోజులో వాసన మారుతుంది.

వారం తర్వాత కర్రలతో కొట్టి నూర్చి, తూర్పారబట్టాలి. నూర్చిన గింజని ఆ సాయంత్రం కుప్పగా వదలొద్దు. 18 శాతం తేమతో ఉన్న కుప్ప రాత్రికి రాత్రే వేడెక్కుతుంది, నూనె ముక్కిపోవడం అక్కడే మొదలవుతుంది. రెండు వేళ్ల మందంలో పరచి, గంటకోసారి తిప్పుతూ 9 శాతానికి తేవాలి. యంత్రంతో ఆరబెడితే గాలి 40 డిగ్రీలు దాటకూడదు. తేమ మీటరు లేకపోతే తూకమే మీటరు: 18 శాతం తేమ ఉన్న 10 కిలోల గింజ 9 శాతానికి వస్తే 9 కిలోలు తూగుతుంది. పది కిలోల సంచి ఒకటి పక్కన పెట్టి అదే ఎండలో ఆరబెట్టి తూస్తుంటే సరిపోతుంది. నాలీకి 10 కిలోలు దాటితే ఆ కొండల్లో మంచి పంటే.

నూర్పిడిలో మిగిలిన పొట్టు, పూత రేకలు చట్టం లెక్కలో గంజాయి నిర్వచనం కిందికి వచ్చేవి. గింజకి లైసెన్సు ఉందని పొట్టుని పెంటదిబ్బలో వేయడం కుదరదు. తూకం రాసి, లైసెన్సు షరతుల ప్రకారం సంబంధిత అధికారి ఎదుట ధ్వంసం చేయాలి. నూర్పిడి తేదీ ఖాయం చేసుకునేముందే ఆ అధికారి తేదీ తీసుకుంటే పొట్టు చేతిలో పెట్టుకుని వారాల తరబడి కాపలా కాయనక్కర్లేదు.

నార

గింజ తీసిన పెంటి కాడల నార ముతక, తాళ్లకి బాగుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం గోగు రైతులు చెరువులో కట్టలు నానబెడితే వెచ్చటి నీళ్లలో రెండు వారాల్లో ఊరుతుంది. నవంబరులో కుమావూన్ నీళ్లు 10, 12 డిగ్రీలు. అదే పనికి మూడు వారాలు పైన పడుతుంది, ఆ చలిలో నీళ్లలో దిగి కట్టలు తిప్పేవాళ్లు దొరకడం ఇంకో బాధ. పోతు మొక్కల్ని అక్టోబరు మొదట్లోనే నానబెట్టారు కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. వాగులో కాకుండా తొట్టెలో నానబెట్టాలి. ఊరేటప్పుడు నీళ్లలో ప్రాణవాయువు అయిపోయి కింద చేపలు చస్తాయి. కట్టల మీద బరువుకి రాళ్లే పెట్టాలి, మట్టి పెడితే నార నల్లబడుతుంది.

పెంటి కాడల్ని గడ్డి మీద పలచగా పరచి మంచుకి ఊరనిచ్చారు. నాలుగైదు వారాలు పడుతుంది, వారానికోసారి తిరగేయాలి. కాడని మధ్యలో విరిచి చూస్తే లోపలి పుల్ల బెరడు నుంచి చివరిదాకా శుభ్రంగా జారిపోవాలి. పుల్లకి పీచు అతుక్కుని వస్తే ఇంకా కాలేదు. పీచు లాగగానే తెగితే దాటిపోయింది, ఇక చేసేదేం లేదు.

రెండో సీజన్‌లో మారినవి

యూరప్ విత్తనం పూర్తిగా ఆపేశారు. నీడ మెట్టుకి కాలువ పూర్తి చేసినా అక్కడ హెంప్ వేయలేదు, చోళ్లు వేశారు. పెద్ద మార్పు విత్తే తేదీలో. పూత తేదీ పగటి పొడవు చేతిలో ఉంది కాబట్టి ఏప్రిల్‌లో విత్తినా మే చివర విత్తినా పూత సెప్టెంబరులోనే. ముందు విత్తితే వచ్చేది అదనపు ఎత్తు, అదనపు గుబురు, పడిపోయే ప్రమాదం. గింజ పంటకి ఆ ఎత్తుతో పని లేదు. అందుకే మే మూడో వారానికి జరిపారు, మొక్క రెండు మీటర్ల చిల్లర దగ్గర ఆగింది, పురికొస ఒక వరసే సరిపోయింది. ఇంకా వెనక్కి జరపడం కుదరదు. వానలు దిగే జూన్ చివరికి మొక్కకి కనీసం నాలుగు వారాల వయసుండి, మొదలుకి మట్టి పడి ఉండాలి. లేకపోతే మొదటి భారీ వానకే మొలకలు కొట్టుకుపోతాయి. కాబట్టి మే 15 నుంచి 25 మధ్య ఏ రోజు తడి దొరికితే ఆ రోజు. తడి దొరక్కపోతే సాలులో నీళ్లు పోసి అయినా విత్తాలి.